సార్వాకో టేబుల్, దాళ్వాకో టేబుల్

2018 సార్వా (వానాకాలం వరి) కోతలప్పుడు, నేను లెక్కల ప్రోగ్రామ్ రాసిచ్చిన రైస్ మిల్లుకి ఒక పెద్దాయన వచ్చారు. చేతిలో రెండు కాయితాలు. ఒకటి 2016 దాళ్వాలో (వేసవి వరిలో) మిల్లు ఇచ్చిన తూకం చీటీ. నాలుగు మడతలు పెట్టి దాచినది, మడతల దగ్గర చిరుగులు పట్టింది. రెండోది అంతకు వారం ముందు నా ప్రోగ్రామ్‌లోంచి ప్రింటు తీసి ఇచ్చిన మూడేళ్ల అమ్మకాల స్టేట్‌మెంటు. బ్యాంకు లోనుకి కావాలంటే గుమస్తా గారు తీసి ఇచ్చారు. ఆయన రెండూ బల్ల మీద పక్కపక్కన పరిచి, ఒక అంకె మీద వేలు పెట్టి, "ఇంత తరుగుకి నేనెప్పుడు ఒప్పుకున్నాను బాబూ?" అన్నారు.

చీటీలో ఇలా ఉంది: 80 బస్తాలు, 60 క్వింటాళ్లు, తేమ 18, తరుగు క్వింటాకి 1 కిలో, నికరం 59 క్వింటాళ్ల 40 కిలోలు. స్టేట్‌మెంటులో అదే లోడుకి తేమ 1, తరుగు 18, నికరం 49 క్వింటాళ్ల 20 కిలోలు. పది క్వింటాళ్లకి పైగా తేడా. డబ్బు అప్పట్లో చీటీ ప్రకారమే ఆయనకి అందింది, అందులో పొరపాటు లేదు. కానీ మిల్లు పేరుతో అచ్చయిన కాయితం ఆయన పంటని నాసిరకమని చెబుతోంది. రెండెకరాల్లో 80 బస్తాలు పండించిన మనిషికి ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో ఆయన మొహంలో కనబడింది. "బాబాయ్ గారూ, తప్పు నాది, మీ ధాన్యానిది కాదు" అని చెప్పి అక్కడే చీటీ చూసి చేత్తో సరిచేసి సంతకం పెట్టించి ఇచ్చాను. ఆ రాత్రి కూర్చుని తప్పు ఎక్కడుందో వెతికాను.

తప్పు లెక్కలో లేదు. టేబుళ్ల (కంప్యూటర్‌లో లెక్కలు దాచే పట్టికల) నిర్మాణంలో ఉంది. అందుకే ఈ వ్యాసం. డేటాబేస్ డిజైన్‌లో ఒకేలాంటి టేబుళ్లు రెండు కావాల్సి వచ్చినప్పుడు నిర్మాణాన్ని నకలు తీయాలా, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఉన్న ఇన్‌హెరిటెన్స్ (ఒక టేబుల్‌ని ఇంకోదానికి పిల్లగా కట్టే సదుపాయం) వాడాలా అని చాలామంది అడుగుతుంటారు. నేను రెండూ చేశాను, రెండింటితోనూ దెబ్బ తిన్నాను. ఇప్పుడు నా నమ్మకం ఒకటే: కాలమ్‌లు (పట్టికలోని నిలువు వరుసలు) ఒకేలా ఉన్నాయా అన్నది చూసి ఈ నిర్ణయం తీసుకోకూడదు. రేపు ఒకదానిలో మార్పు వస్తే రెండోదానిలోనూ రావాలా అన్నది చూసి తీసుకోవాలి.

ముందు నా నకళ్ల సంగతి చెప్పాలి. మా డెల్టాలో ఏడాదికి రెండు పంటలు, సార్వా, దాళ్వా. మిల్లులో లెక్కలన్నీ సీజన్ ప్రకారమే నడుస్తాయి. చీటీ నంబరు ప్రతి సీజన్‌కీ 1 నుంచి మొదలవుతుంది. గుమస్తా గారి దగ్గర సీజన్‌కో పుస్తకం ఉంటుంది. కొత్త పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టి, మొదటి పేజీలో శ్రీరామ రాసి మొదలుపెడతారు. నేను 2015లో ఆ ప్రోగ్రామ్ రాసినప్పుడు పుస్తకాన్నే కంప్యూటర్‌లోకి తెచ్చాను. సీజన్‌కో పుస్తకం కాబట్టి సీజన్‌కో టేబుల్. పెద్ద ఆలోచనేమీ చేయలేదు. కళ్లెదురుగా ఉన్న పద్ధతి అది, పనిచేస్తున్న పద్ధతి కూడా.

కొత్త సీజన్ వస్తే క్రియేట్ టేబుల్ రాసి, లోపల లైక్ అని పాత టేబుల్ పేరు ఇస్తే చాలు, నిర్మాణం వచ్చేస్తుంది. కానీ ఏం వస్తుంది, ఏం రాదు అన్నది చాలామంది సరిగ్గా చూసుకోరు. పోస్ట్‌గ్రెస్‌లో ఉత్త లైక్ అంటే కాలమ్ పేర్లు, వాటి టైపులు, ఖాళీ వదలకూడదనే నాట్ నల్ నియమాలు మాత్రమే వస్తాయి. డిఫాల్టులు (ఏమీ ఇవ్వకపోతే పడే విలువలు), చెక్ నియమాలు (విలువ ఎలా ఉండాలో చెప్పేవి), ఇండెక్సులు (త్వరగా వెతకడానికి పెట్టుకునే సూచికలు), ప్రైమరీ కీ (ప్రతి వరసనీ విడిగా గుర్తించేది) రావాలంటే ఇన్‌క్లూడింగ్ అని విడిగా అడగాలి. ఇన్‌క్లూడింగ్ ఆల్ అన్నా ఫారిన్ కీలు (ఇంకో టేబుల్‌లో నిజంగా ఉన్న వరసకే కట్టే నియమాలు) రావు. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లో లైక్ రాస్తే ఇండెక్సులు కూడా వస్తాయి, ఫారిన్ కీలు అక్కడా రావు. క్రియేట్ టేబుల్ యాజ్ సెలెక్ట్ అంటే కాలమ్‌లు, డేటా వస్తాయి తప్ప నియమాలు, ఇండెక్సులు రావు. నేను ఒకసారి డిఫాల్టులతో సహా నకలు తీశాను. కొత్త సీజన్ మొదటి చీటీకి నంబరు 1 రావాలి కదా, ఎక్కడో వేలల్లో వచ్చింది. సీరియల్ కాలమ్‌కి డిఫాల్టు అంటే ఒకదాని తర్వాత ఒకటిగా నంబర్లు ఇచ్చే ఒక సీక్వెన్స్‌ని పిలిచే మాట. నకలు తీసినప్పుడు ఆ మాట మాత్రమే నకలవుతుంది. కాబట్టి కొత్త టేబుల్ పాత టేబుల్ సీక్వెన్స్‌నే పిలుస్తుంది. పాతదాన్ని తీసేద్దామంటే దీని మీద ఇంకో టేబుల్ ఆధారపడి ఉందని డేటాబేస్ ఒప్పుకోదు. నంబర్లు వేయడానికే తర్వాత వచ్చిన ఐడెంటిటీ కాలమ్‌లలో ఈ ఇబ్బంది లేదు. ఇన్‌క్లూడింగ్ ఐడెంటిటీ అంటే కొత్త సీక్వెన్స్ పుడుతుంది.

ఇవన్నీ చిన్న చిక్కులే, తెలిస్తే తప్పించుకోవచ్చు. అసలు చిక్కు నకలు తీసిన మరుక్షణం మొదలవుతుంది. నారుమడిలోంచి తీసిన నారుని చేలో ఊడ్చాక దానికీ నారుమడికీ ఇక సంబంధం లేదు. తర్వాత నారుమడికి మందు కొట్టినా అది చేనుకి తగలదు. రెండు టేబుళ్ల మధ్య కూడా అంతే. 2015 సార్వా టేబుల్‌లో తేమ కాలమ్ లేదు, తరుగు మాత్రం ఉంది. 2016 దాళ్వా మధ్యలో ఓనరు గారు తేమ కూడా ఎక్కించమన్నారు. కాలమ్ కలిపితే అది చివర్న చేరుతుంది, కాబట్టి ఆ టేబుల్‌లో వరుస తరుగు, తర్వాత తేమ. 2016 సార్వాకి వచ్చేసరికి చీటీలో ఉన్న వరుసే టేబుల్‌లోనూ ఉంటే బాగుంటుందనిపించి, స్క్రిప్టు తిరగరాసి తేమ ముందు, తరుగు తర్వాత పెట్టాను. అక్కణ్నుంచి ప్రతి సీజనూ దానికి నకలే.

2018లో మూడేళ్ల స్టేట్‌మెంటు కావాలన్నప్పుడు ఆ మూడేళ్ల టేబుళ్లన్నింటినీ, ఒకదాని కింద ఒకటి పేర్చే యూనియన్ ఆల్‌తో కలిపాను, ఒక్కోదాని నుంచీ అన్ని కాలమ్‌లూ అంటూ నక్షత్రం గుర్తు పెట్టి. యూనియన్ కాలమ్ పేర్లు చూడదు. మొదటిది మొదటిదానికి, ఆరోది ఆరోదానికి, స్థానం ప్రకారం జతచేస్తుంది. టైపులు కుదిరితే చాలు. తేమా అంకే, తరుగూ అంకే. ఎర్రర్ రాలేదు, హెచ్చరిక రాలేదు. పాత టేబుల్‌లోని తరుగు తేమ గడిలోకి, తేమ తరుగు గడిలోకి వెళ్లి కూర్చున్నాయి. ఆ ఒక్క క్వెరీ వల్ల ఆ పెద్దాయన చీటీ పట్టుకుని పక్క ఊరి నుంచి రావాల్సి వచ్చింది.

తప్పు నకళ్లది కాదు, నక్షత్రం గుర్తుది, కాలమ్ పేర్లు విడివిడిగా రాసి ఉంటే సరిపోయేది అని నా స్నేహితుడొకడు అన్నాడు. పేర్లు రాయాల్సిందే, ఇప్పుడు రాస్తున్నాను. కానీ ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఏడు సీజన్లకి ఏడు టేబుళ్లంటే ప్రతి మార్పునీ ఏడుసార్లు గుర్తుపెట్టుకుని చేయాలి. మర్చిపోవడానికి ఏడు చోట్లు ఉన్నట్టు. మనిషి ఎంత జాగ్రత్తగా ఉన్నా కోతల టైమ్‌లో, లారీలు గేటు దగ్గర బారులు తీరి టెన్షన్‌గా ఉన్నప్పుడు, ఒకటి మర్చిపోతాడు. డిజైన్ ఆ మనిషిని దృష్టిలో పెట్టుకోవాలి.

అప్పుడు ఇన్‌హెరిటెన్స్ వైపు వెళ్లాను. మా సర్వర్‌లో అప్పటికి పోస్ట్‌గ్రెస్ 9.6 ఉండేది. ఈ సదుపాయం అందులో కొత్తదేమీ కాదు. బర్క్‌లీలో 1986లో మైఖేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో మొదలైన పోస్ట్‌గ్రెస్ ప్రాజెక్టు నాటి ఆలోచనల్లోదే. ఒక తల్లి టేబుల్ కట్టి, పిల్ల టేబుల్‌ని ఇన్‌హెరిట్స్ అని దానికి కడితే, తల్లి కాలమ్‌లన్నీ పిల్లకి వస్తాయి. రేపు తల్లికి కాలమ్ కలిపితే పిల్లలందరికీ అదే చేరుతుంది. తల్లిని సెలెక్ట్ చేస్తే (అంటే వరసలు చూపించమంటే) పిల్లల వరసలు కూడా వస్తాయి, అదీ కాలమ్‌లు పేరు ప్రకారం సరిగ్గా జతపడి. నన్ను దెబ్బతీసిన యూనియన్ గొడవే లేదు. ధాన్యం కొనుగోలు అని ఒక తల్లి, దాని కింద సీజన్‌కో పిల్ల. 2019 దాళ్వా అలాగే మొదలుపెట్టాం. మొదటి రెండు వారాలు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఇక్కడ ఒక మాట. ఇన్‌హెరిటెన్స్‌కి మనం వారసత్వం అని రాస్తాం. నిఘంటువు ప్రకారం సరైన మాటే. కానీ ఆ మాట వినగానే మన మనసులో మెదిలేది ఏమిటి? తండ్రి పోయాక కొడుకులకి వచ్చే పొలం. పంపకాలయ్యాక ఎవరి గట్టు వారిది, ఎవరి పాస్‌బుక్ వారిది. నిజానికి అది నకలుకి సరిపోయే బొమ్మ. వచ్చేటప్పుడు ఒక చోటినుంచి వచ్చింది, వచ్చాక సంబంధం తెగింది. పోస్ట్‌గ్రెస్‌లో ఇన్‌హెరిటెన్స్ అన్నది అలా కాదు. తండ్రి బతికే ఉంటాడు, పెత్తనం ఆయనదే. ఆయన ఇంట్లో ఒక పద్ధతి పెడితే అందరి గదుల్లోనూ అదే పద్ధతి. ఇంట్లో ఎంతమంది అని ఆయన్ని అడిగితే కొడుకుల పిల్లల్ని కూడా కలిపి చెబుతాడు. ఇది ఉమ్మడి కాపురం. వారసత్వం అన్న మాట పట్టుకుని దీన్ని అర్థం చేసుకోబోతే తప్పుదారి పడతాం. నేను పడ్డాను. పిల్ల టేబుల్ సొంతంగా బతుకుతుందనుకున్నాను, అది తల్లితో కలిసే బతుకుతోందని తర్వాత తెలిసింది.

ఎలా తెలిసిందంటే, ఒక సాయంత్రం స్వర్ణ రేటు సరిచేశాను. మార్టేరు పరిశోధనా కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 7029ని ఇక్కడ అందరూ స్వర్ణ అనే అంటారు. పాత సార్వా స్వర్ణ నిలవలు కొన్ని దాళ్వాలో కొన్నారు, వాటికి రేటు తప్పు పడింది. అప్‌డేట్ రాశాను, తల్లి టేబుల్ మీద, రకం స్వర్ణ అయితే రేటు ఇంత అని. తల్లి టేబుల్‌లో సొంత వరసలేమీ ఉండవు. కానీ ఈ టేబుల్ ఒక్కదానికే అని చెప్పే ఓన్లీ అన్న మాట రాయకపోతే సెలెక్ట్ ఒక్కటే కాదు, అప్‌డేటూ డిలీటూ కూడా పిల్లలందరికీ వెళ్తాయి. వెనక సీజన్లన్నింటిలో స్వర్ణ రేటు మారిపోయింది. అన్నీ లెక్క ముగిసి, డబ్బు ఇచ్చేసిన చీటీలు. ముందు రాత్రి తీసిన బ్యాకప్ ఉంది కాబట్టి బయటపడ్డాం. ఆ రోజు రాసిన చీటీలు మాత్రం మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది.

అంతకన్నా లోతైన లోపం ఇంకొకటి ఉంది. ఉమ్మడి కాపురం అన్నాం కదా, కానీ కొన్ని నియమాల దగ్గర ఆ కాపురం ఉమ్మడి కాదు. చెక్ నియమాలు, నాట్ నల్ నియమాలు పిల్లలకి వస్తాయి. ప్రైమరీ కీ, యూనిక్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న నియమం), ఫారిన్ కీ, ఇండెక్సులు రావు. ఒక్కో పిల్లకీ విడిగా పెట్టుకోవాలి. పెట్టుకున్నా ఆ యూనిక్ ఆ ఒక్క టేబుల్ వరకే. ఒకే నంబరు రెండు పిల్లల్లో ఉన్నా, తల్లికి ప్రైమరీ కీ ఉన్నా, ఎవరూ అడ్డుచెప్పరు. తల్లిని అడిగితే ఆ నంబరుతో రెండు వరసలు చూపిస్తుంది.

ఫారిన్ కీ దగ్గర అసలు దారే మూసుకుపోయింది. చెల్లింపులు అని ఒక టేబుల్ ఉంది. ప్రతి చెల్లింపూ ఏదో ఒక తూకం చీటీకి సంబంధించినదే అయి ఉండాలని ఫారిన్ కీ కావాలి. తల్లి టేబుల్‌కి కట్టాను. మొదటి చెల్లింపు ఎక్కించగానే అలాంటి చీటీ లేదని తిప్పికొట్టింది. సెలెక్ట్ చేస్తే కనబడుతోంది, ఫారిన్ కీ అడిగితే లేదంటోంది. ఫారిన్ కీ తల్లి టేబుల్‌లోని సొంత వరసల్నే చూస్తుంది, పిల్లల వరసలు దాని కంటికి కనబడవు. చాలామంది ఇక్కడ ఫారిన్ కీ తీసేసి పని కానిచ్చేస్తారు. నేనూ తీసేశాను. నెల తిరక్కముందే లేని చీటీ నంబరుకి రెండు చెల్లింపులు తేలాయి. టైపు చేసినప్పుడు అంకె తప్పింది. ఆ కీ ఉండి ఉంటే ఆ క్షణంలోనే ఆగేది.

ఇవి రహస్యాలు కావు. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్‌లోనే ఈ లోపాలన్నీ రాసి ఉన్నాయి. అక్కడ ఇన్‌హెరిటెన్స్‌కి ఇచ్చిన ఉదాహరణ గురించి మాత్రం నాకు చాలాకాలంగా ఒక అభ్యంతరం ఉంది. నగరాలు అని తల్లి టేబుల్, రాజధానులు అని పిల్ల టేబుల్. రాజధాని కూడా ఒక నగరమే కాబట్టి నగరాల కాలమ్‌లన్నీ దానికీ ఉంటాయి, పైగా ఏ రాష్ట్రానిదో చెప్పే కాలమ్ ఒకటి. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది.

దాన్నే మన జిల్లాలకి పెట్టి చూడండి. పట్టణాలు తల్లి, జిల్లా కేంద్రాలు పిల్ల. 2022 ఏప్రిల్ 4కి ముందు ఉభయ గోదావరి జిల్లాలకి కేంద్రాలు కాకినాడ, ఏలూరు. ఆ రోజుతో భీమవరం, అమలాపురం, రాజమహేంద్రవరం కూడా జిల్లా కేంద్రాలయ్యాయి. ఈ డిజైన్‌లో అప్పుడేం చేయాలి? భీమవరం వరసని పట్టణాల్లోంచి తీసేసి జిల్లా కేంద్రాల్లో కొత్తగా పెట్టాలి. వరస తీసేస్తున్నామంటే దాన్ని పట్టుకుని ఉన్నవాటి సంగతేమిటి? భీమవరం ఊరు మారలేదు. అదే మావుళ్లమ్మ గుడి, అదే జనం. మారింది హోదా. కేంద్రం కావడమన్నది పుట్టుకతో వచ్చే గుణం కాదు, ఒక పాత్ర. వస్తుంది, పోతుంది. ఏలూరు అప్పుడూ కేంద్రమే, ఇప్పుడూ కేంద్రమే, కానీ వేరే జిల్లాకి. ఇలాంటివాటికి పట్టణాలు ఒక టేబుల్, ఏ జిల్లాకి ఏ పట్టణం ఏ తేదీ నుంచి కేంద్రమో చెప్పే చిన్న టేబుల్ ఇంకొకటి ఉంటే చాలు. నకలూ అక్కర్లేదు, ఇన్‌హెరిటెన్సూ అక్కర్లేదు.

మళ్లీ మిల్లుకి వస్తాను. రేపు ఒక సీజన్ టేబుల్‌లో మార్పు వస్తే మిగతా సీజన్లలోనూ రావాలా? రావాలి. సార్వా చీటీ, దాళ్వా చీటీ వేర్వేరు వస్తువులు కావు. రెండూ తూకం చీటీలే, తేదీలు వేరు. అంటే నాకు కావాల్సింది రెండు టేబుళ్లు కాదు, ఒక టేబుల్, అందులో సీజన్ అనే ఒక కాలమ్. ప్రైమరీ కీ సీజనూ చీటీ నంబరూ కలిపి. నంబరు ప్రతి సీజన్‌కీ 1 నుంచి మొదలవ్వాలన్న గుమస్తా గారి కోరిక కూడా తీరుతుంది. చెల్లింపుల ఫారిన్ కీ తిన్నగా దీనికే. యూనియన్ లేదు, ఓన్లీ లేదు.

ఒకే టేబుల్ అయితే పెద్దదై నెమ్మదిస్తుందని భయపెడతారు. ఒక మిల్లుకి సీజన్‌లో వేలల్లో చీటీలు పడతాయి. పదేళ్లు కలిపినా సరైన ఇండెక్సు ఉన్న టేబుల్‌కి అదొక బరువే కాదు. నిజంగా కోట్లలో వరసలుంటే దానికి పార్టిషనింగ్ (ఒకే టేబుల్‌ని లోపల ముక్కలుగా విడదీయడం) ఉంది. ఒకప్పుడు పోస్ట్‌గ్రెస్‌లో పార్టిషన్లంటే ఇన్‌హెరిటెన్స్ మీద ట్రిగ్గర్లు (వరస చేరినా మారినా తనంతట తానే నడిచే కోడ్) అల్లి చేసుకోవాల్సిందే. తల్లికి ఇన్‌సర్ట్ చేస్తే వరస తనంతట తానుగా సరైన పిల్లలోకి వెళ్లేది కాదు. 2017లో వచ్చిన 10వ వెర్షన్‌తో ఆ పని నేరుగా చేసే పద్ధతి వచ్చింది. 11లో పార్టిషన్లన్నింటికీ కలిపి ప్రైమరీ కీ వచ్చింది, విభజించే కాలమ్ ఆ కీలో భాగమైతే. 12లో అలాంటి టేబుల్‌కి ఫారిన్ కీ కట్టే వీలు వచ్చింది. ఇన్‌హెరిటెన్స్‌లో నన్ను ఏడిపించిన రెండు లోపాలూ ఇక్కడ తీరాయి. సీజన్ ఎలాగూ మన కీలో ఉంది కాబట్టి రేపు అవసరమైతే సీజన్ ప్రకారం విభజించుకోవచ్చు.

ఓనరు గారు అడిగిన ప్రశ్న దీనికన్నా బలమైనది. "మూసేసిన సీజన్ లెక్కని ఎవరూ ముట్టుకోకూడదు కదా, విడి పుస్తకమైతే బీరువాలో పెట్టి తాళం వేస్తాం, మరి దీన్నేం చేస్తాం?" అన్నారు. న్యాయమైన మాట. స్వర్ణ రేటు సంగతి జరిగాక ఆ మాటకి ఇంకా బరువుంది. సీజన్లు అని ఒక చిన్న టేబుల్ పెట్టి, అందులో మూసిన తేదీ అనే కాలమ్ పెట్టాను. ఆ తేదీ పడిన సీజన్ వరసల్ని మార్చబోయినా తీసేయబోయినా ట్రిగ్గర్ ఆపుతుంది. తాళం బీరువాకి కాకుండా వరసకి వేసినట్టు. ఆయన రెండుసార్లు నాచేత పాత చీటీ మార్చబోయేలా చేయించి, ఎర్రర్ వచ్చాకే ఒప్పుకున్నారు.

ఇంతవరకు చెప్పింది అసలు ఒకటే వస్తువైన చోట. నిజంగా ఒకే జాతివై, కొంత తేడా ఉన్నవి ఉంటాయి. అక్కడే ఈ ప్రశ్న ఆసక్తికరంగా ఉంటుంది. సహకార సొసైటీకి లోన్ల ప్రోగ్రామ్ చేస్తున్నప్పుడు నాకది ఎదురైంది. మన ఊళ్లలో సొసైటీలు పంట రుణాలూ ఇస్తాయి, బంగారం మీద అప్పూ ఇస్తాయి. సభ్యుడు, ఇచ్చిన తేదీ, అసలు, వడ్డీ రేటు, గడువు రెండింటికీ ఉంటాయి. పంట రుణానికి సర్వే నంబరు, విస్తీర్ణం, ఏ పంటకో కావాలి. బంగారం అప్పుకి వస్తువులేమిటి, మొత్తం తూకం ఎంత, రాళ్లు తీసేస్తే నికరం ఎన్ని గ్రాములు కావాలి. వీటిని రెండు విడి టేబుళ్లుగా నకలు తీసి పెట్టారనుకోండి, వాయిదాల టేబుల్ దేన్ని పట్టుకోవాలి? ఒక సభ్యుడి బాకీ మొత్తం ఎంత అన్న మామూలు ప్రశ్నకి మళ్లీ యూనియనే.

నా ప్రశ్నే ఇక్కడా అడిగి చూశాను. వడ్డీ లెక్క పద్ధతి మారితే రెండింటికీ మారుతుందా? లోన్ల కమిటీ తీర్మానం నంబరు ఎక్కించమంటే రెండింటికీ ఎక్కించాలా? అవును. సర్వే నంబరు రాసే తీరు మారితే బంగారానికి పట్టింపు ఉందా? లేదు. అంటే ఉమ్మడి భాగం ఒక చోట ఉండాలి, ఎవరి సొంతం వారి దగ్గర ఉండాలి. రుణాలు అని ఒక టేబుల్, అందులో రుణం నంబరు ప్రైమరీ కీ. పంట రుణ వివరం, బంగారు రుణ వివరం అని రెండు టేబుళ్లు. వాటిలో కూడా ప్రైమరీ కీ అదే రుణం నంబరు, అదే రుణాలకి ఫారిన్ కీ కూడా. వాయిదాలు రుణాలనే పట్టుకుంటాయి. ఇందులో ఇన్‌హెరిట్స్ అన్న మాటే లేదు. మామూలు కీలతో నడిచే ఈ పద్ధతి పోస్ట్‌గ్రెస్‌లోనే కాదు, ఏ రిలేషనల్ డేటాబేస్‌లోనైనా నడుస్తుంది.

ఒకే రుణం నంబరు పొరపాటున రెండు వివరాల్లోనూ చేరకుండా ఒక కట్టుదిట్టం చేసుకోవాలి. రుణాల్లో రకం అనే కాలమ్ పెట్టి, నంబరూ రకమూ కలిపి యూనిక్ చేయాలి. వివరాల టేబుళ్లలోనూ రకం కాలమ్ పెట్టి, పంటదాంట్లో పంట అని మాత్రమే, బంగారందాంట్లో బంగారం అని మాత్రమే ఉండేలా చెక్ పెట్టాలి. ఫారిన్ కీ ఈ రెండు కాలమ్‌లకీ కలిపి కట్టాలి. అప్పుడు బంగారం అప్పుకి సర్వే నంబరు ఎక్కించబోతే డేటాబేసే కుదరదంటుంది. రకం కాలమ్ రెండుచోట్ల రాయడం దండగ కదా అని కొందరంటారు. దండగ కాదు. తాకట్టు పెట్టిన మంగళసూత్రం గ్రాములు ఏ రుణానివో తేలని పరిస్థితి రాకూడదు. దానికోసం ఒక కాలమ్ ఎక్కువ పెట్టడానికి నేను వెనకాడను.

నకళ్లని పూర్తిగా తప్పుపడుతున్నానని అనుకోకండి. నకలే సరైన పని అయిన చోట్లు ఉన్నాయి, అక్కడ నేను ఆలోచించకుండా లైక్ వాడతాను. వేబ్రిడ్జి కంప్యూటర్ నుంచి రోజూ ఒక ఫైలు వస్తుంది. దాన్ని తిన్నగా అసలు టేబుల్‌లోకి పంపను. నియమాలేమీ లేని నకలు టేబుల్ ఒకటుంది, ముందు అందులోకి దించుతాను. తప్పులు చూసి, సరిచేసి, అప్పుడు అసలుదాంట్లోకి పంపుతాను. కళ్లంలో ఆరబోసి, తూర్పారబట్టి, ఆపైనే గాదెలో పోసినట్టు. అసలు టేబుల్‌లో మార్పు వస్తే ఆ నకలులో రావాల్సిన పనిలేదు. అది ఫైలు ఎలా వస్తే అలా ఉండాలి.

చిరునామా సంగతీ అంతే. రైతుల టేబుల్‌లో జిల్లా ఉంది. 2022లో జిల్లాలు మారినప్పుడు ఏలూరు వైపు రైతులకి అక్కడ పశ్చిమ గోదావరి తీసేసి ఏలూరు అని మార్చాం. కానీ 2019లో ఇచ్చిన బిల్లు ఇప్పుడు మళ్లీ ప్రింటు తీస్తే పశ్చిమ గోదావరి అనే రావాలి, ఆ రోజు ఆయన ఊరు ఆ జిల్లాలోనే ఉంది. అందుకే బిల్లు రాసిన రోజు చిరునామాని బిల్లులోకి నకలు తీసి పెడతాం. ఒకే సమాచారం రెండుచోట్ల ఉండకూడదన్న సూత్రం పట్టుకుని దీన్ని తప్పన్నవారితో నేను వాదించాను, ఇకముందూ వాదిస్తాను. రైతు ప్రస్తుత చిరునామా ఒక సమాచారం. బిల్లు రోజున ఆయన చిరునామా వేరే సమాచారం. ఆ రోజుకి రెండూ ఒకేలా ఉన్నాయి, అంతే.

2019 వేసవిలో, సార్వా నారుమళ్లు పోయకముందే, మిల్లులోని టేబుళ్లన్నీ ఒకటి చేశాను. ఆ దాళ్వాతో కలిపి ఎనిమిది. ఈసారి ప్రతి టేబుల్ నుంచీ కాలమ్ పేర్లు విడివిడిగా రాసి తెచ్చాను. అయినా నా మీద నేను నమ్మకం పెట్టుకోదలచుకోలేదు. గుమస్తా గారి పుస్తకాలు దించాం. ప్రతి పేజీ నెత్తిన ఆయన స్కేలుతో గీత కొట్టి, తేమ, తరుగు, నికరం అని ఎర్ర ఇంకుతో రాసుకున్నారు. ఏ పేజీలోనూ మానలేదు. ఆయన చదువుతుంటే నేను స్క్రీన్ మీద చూసుకుంటూ వెళ్లాను. పట్టికలో అంకెలన్నీ చదవడానికి వీలు కాదు కాబట్టి సీజన్‌కి మొత్తాలు సరిచూసి, ఆపైన 2015 సార్వా, 2016 దాళ్వా మాత్రం చీటీ చీటీకి చూశాం. నాలుగు రోజులు పట్టింది.

రెండు చీటీలు మాత్రం కుదరలేదు. రెండూ 2016 దాళ్వావే. పుస్తకంలో ఆ పేజీ తడిసి ఇంకు పాకిపోయింది, మా టేబుల్‌లో అంకెలు నమ్మేలా లేవు, రైతుల దగ్గర చీటీలు మిగల్లేదు. పక్క చీటీలు చూసి ఇంత ఉండొచ్చని వేసేద్దామా అని గుమస్తా గారు అడిగారు. వద్దన్నాను. ఆ రెండు వరసల్లో తేమ, తరుగు గడులు ఖాళీగానే వదిలి, పుస్తకం పేజీ నంబరు వేసి, చదవడానికి వీల్లేదని రిమార్కు రాశాను. ఇప్పటికీ అలాగే ఉన్నాయి.